గుంటకీ తొట్టికీ మధ్య

పోయిన వారం కోటిరత్నం గారు టిప్పరుకి అడ్డంగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న దగ్గర ఆగాం. ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఎండ ఎక్కింది కాబట్టి నెత్తిన కొంగు కప్పుకుంది, అంతే తేడా. టిప్పరు డ్రైవరు కోటేష్ ఇంజను ఆపేసి బండి నీడలో కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి ఎదురుగా కూర్చుంటే హారన్ కొట్టడానికి కూడా అతనికి ధైర్యం చాలలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళకి సంగతి చెప్పాలి. అద్దంకి నుంచి మార్టూరు వెళ్ళే దారిలో కోటిరత్నం గారికి మిరప చేను ఉంది. అందులో రోడ్డు వార ముక్కలో ఆవిడ కోడలు హారిక, ఆడపిల్లలకి ఈత నేర్పడానికి కొలను కట్టిస్తోంది. హారిక బళ్ళో ఆటల టీచరు. పోయిన వేసవిలో సాగర్ కాలవలో ఇద్దరు పిల్లలు కొట్టుకుపోతుంటే కట్టుబట్టలతో దూకి ఒకదాన్ని ఒడ్డుకి లాగింది. రెండోసారి దూకేసరికి ఫర్హానా కనపడలేదు. కబడ్డీలో కూత ఆపకుండా అవతలి గీత దాకా వెళ్ళొచ్చే పిల్ల అది. ఆ సాయంత్రం తడిబట్టలతో వచ్చి వసారాలో గోడకి చేరగిలబడ్డ కోడల్ని చూసి, ఎవరికీ కొత్తిమీర కట్ట కూడా ఊరికే ఇవ్వని కోటిరత్నం గారు, "రోడ్డు పక్క ముక్క తీసుకో అమ్మాయ్, ఇక్కడే నేర్పించు" అంది.

ఆ ముక్కలో ఇప్పుడు పెద్ద గుంట. గుంటలో ఫైబర్‌తో ఒకే ముక్కగా చేసిన నీలం తొట్టి. సోమవారం క్రేనుతో దించారు. గుంట గోడకీ తొట్టి గోడకీ మధ్య చుట్టూ మూరెడు సందు మిగిలింది. ఆ సందులో ఏం పోస్తారన్న దాని మీదే అంతా ఉంది. తప్పుది పోస్తే ఒక్క వానాకాలం తిరిగేలోపు తొట్టి గోడలు లోపలికి పొంగి పగులుతాయి. పగిలినదాన్ని అతికించి అందులో పిల్లల్ని దించే ధైర్యం హారికకి లేదు. ఇంకోటి కొనే శక్తి అంతకన్నా లేదు. పరీక్షలైపోగానే ఈతకి వస్తామని పిల్లలు పేర్లిచ్చి కూర్చున్నారు.

తొట్టి బిగించే షానవాజ్‌ది చిలకలూరిపేట. మొదటిరోజు నుంచీ అతనిది ఒకటే మాట, శనగగింజంత కడిగిన కంకర చిప్స్ తప్ప ఇంకేదీ వద్దని. హారిక అన్న త్రినాథ్‌ది ఇంకో మాట. అతనికి మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ ఉంది. రాయి కోసేటప్పుడు నీళ్ళతో కలిసి కారే పొడిని ఆరబెడితే పిండిలా మెత్తగా ఉంటుంది. చెల్లెలి కొలనుకి నా వంతు ఇది అని ఆ పొడే టిప్పరుకెత్తి పంపాడు. పుట్టింటి నుంచి వచ్చినదాన్ని గుమ్మంలోంచి వెనక్కి పంపడం ఎంత పెద్ద మాటో ఆడపడుచులున్న ఏ ఇంటికైనా తెలుసు. ఆ మాట అనలేక హారిక పొద్దుటి నుంచీ నలిగిపోతోంది.

"అత్తయ్యా, లేవండి. వడదెబ్బ తగులుద్ది" అంది ఇప్పుడు కూడా, గట్టిగా అనలేక.

"తగలనీ. ఆ బూడిద మాత్రం నా చేలో పడేది లేదు."

"బూడిద కాదు, రాతి పొడి. మా అన్నయ్య ప్రేమగా పంపాడు."

"ప్రేమైతే చీర పంపమను."

షానవాజ్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. హారికకి నవ్వు రాలేదు. అత్తగారికి పొడి వద్దు, షానవాజ్‌కి పొడి వద్దు, నిజం చెప్పాలంటే తనకీ వద్దు. ముగ్గురిదీ ఒకే మాట అయినప్పుడు గొడవ ఎందుకని మీరు అడగొచ్చు. అత్తగారు అక్కడితో ఆగే మనిషైతే గొడవ ఉండేది కాదు.

"చుట్టూ మన మట్టే పొయ్యండి" అంది కోటిరత్నం గారు, పక్కన గుట్టగా పడున్న నల్లమట్టిని చూపిస్తూ. "మీ మామయ్య ఏటేటా చెరువు ఒండ్రు బండ్లకెత్తి తోలి పెంచిన నేల ఇది. ఒక్క తట్ట బయటికి పోవడానికి వీల్లేదు. తవ్వింది తిరిగి పూడ్చండి. దానికి ఎవరి దయా అక్కర్లేదు."

"అమ్మగారూ, ఈ మట్టి పైరుకి బంగారం. తొట్టికి మాత్రం పనికిరాదు" అన్నాడు షానవాజ్. "తడిస్తే ఉబ్బుద్ది, ఎండితే విచ్చుకుపోద్ది. తడిసిన ప్రతిసారీ తొట్టిని లోపలికి గుద్దుద్ది."

"నా మట్టి సంగతి నాకు చెప్తున్నావా నాయనా. పుట్టినకాడి నుంచి దీన్నే తొక్కుతున్నా."

"అందుకేనత్తయ్యా, మీకు తెలియంది కాదు" అంది హారిక. "మన వంటింటి గోడ బీట మీద ఏటా క్యాలెండరు మారుస్తున్నాం గానీ బీట పూడ్చగలిగామా?"

"ఆ బీట మేస్త్రీ చేతగానితనం."

నల్లరేగడి మీద కట్టిన ఊళ్ళన్నిటా ఇదే వరస. గోడ పగిలితే మేస్త్రీని తిడతారు, మట్టిని ఒక్క మాట అననివ్వరు. కోటిరత్నం గారు అంతా గట్టిగానే మాట్లాడుతోంది గానీ, ఆవిడ చూపు మాటిమాటికీ గుంట పడమటి మూలకి పోయి వస్తోంది. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

రోడ్డు మీద కారు ఆగిన చప్పుడైంది. త్రినాథ్ దిగాడు. తెల్లచొక్కా మోచేతుల దాకా మడిచి, జుట్టు మీద మిల్లు పొడి ఇంకా దులుపుకోకుండా నేరుగా కుర్చీ దగ్గరికి వచ్చాడు. చెల్లెలి అత్తగారి ఎదుట గొంతు లేపకూడదని కారులోనే అనుకుని వచ్చి ఉంటాడు. మొదటి రెండు మాటలకి ఆ నిగ్రహం నిలబడింది.

"నమస్కారం అత్తయ్యగారూ. నేను పంపిన బండిని ఆపారంట."

"ఆపాను."

"మార్టూరులో సగం ఇళ్ళ పునాదులు ఈ పొడితోనే పూడ్చారండి. ఒక్కటి కుంగలేదు. మా చెల్లెలికి మేం పెట్టింది మీకు కంటికి ఆనలేదని చెప్పండి, సరిపోద్ది."

"ఆనకపోవడం కాదయ్యా. వద్దు."

"ఎందుకు వద్దు? సోమవారం లేని అభ్యంతరం బుధవారానికి ఎట్టా వచ్చింది?"

కోటిరత్నం గారు కొంగు సర్దుకుంది. సోమవారం సంగతేమిటని హారిక అడిగి ఉంటే కథ ఇంకో దారిన పోయేది. అడగలేదు. అన్నకీ అత్తగారికీ మధ్య నిలబడ్డ మనిషికి ఎవరి మాటలో ఏముందో వెతికే తీరిక ఎక్కడిది?

"అన్నయ్యా, నేను చెప్తా విను" అంది. "పునాది పొడిగా ఉంటుంది. ఇక్కడ చుట్టూ నీళ్ళే. ఈ పొడిలో నీళ్ళు కలిస్తే దోసెల పిండి అవుద్ది. నీళ్ళని పోనివ్వదు, తను నిలబడదు. నాకు చిప్సే కావాలి. నువ్వు ప్రేమగా పంపావని తెలుసు. తిరిగి తీసుకెళ్ళు."

త్రినాథ్ మొహం ఎర్రబడింది. "ఈ మాట షానవాజ్ చెప్పించాడా?"

"నా అంతట నేనే చెప్తున్నా."

"పోనీ ఇసుక తోలిస్తా. దానికీ వంక పెడతావా?"

షానవాజ్ కల్పించుకున్నాడు. "ఇసుక అయితే వేసవిలో నెర్రెల్లోకి దిగిపోద్ది సార్. ఈ నేలలో నెర్రెలు ఎంతెంత విచ్చుకుంటాయో మీకు తెలుసు గదా. ఏడాది తిరిగేసరికి తొట్టి పక్కన బోలు మిగులుద్ది. చిప్స్ అయితే నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి అడుక్కి జారిపోతాయి, అక్కడ పైపు పెట్టాం కాబట్టి తోడేసుకోవచ్చు. మట్టి ఉబ్బినా రాళ్ళు సర్దుకుంటాయి గానీ తొట్టిని గుద్దవు."

త్రినాథ్ అతన్ని చూడలేదు. చెల్లెల్నే చూస్తున్నాడు. "నీ బండి తిప్పుకుని పొమ్మంటున్నావన్నమాట."

"నీ మిల్లు వెనక పొడి గుట్ట తీసెయ్యమని ఆఫీసర్లు అన్నారంట గదా" అంది హారిక. ఈ మాట అనాలని ఆమె అనుకోలేదు. నోటి దాకా వచ్చాక మింగలేకపోయింది. "వదిన చెప్పింది. ఎక్కడ పోసినా ఎవరో ఒకరు అడ్డుపడుతున్నారంట. అది నాకు పెట్టడమా, నా దగ్గర పారబోయడమా అన్నయ్యా?"

కోటేష్ లేచి నిలబడ్డాడు. ఇంటి మాటలు వినకూడదని మర్యాదగా బండి అవతలి పక్కకి వెళ్ళాడు, అక్కడి నుంచి ఇంకా బాగా వినపడుతుంది.

"రెండూను" అన్నాడు త్రినాథ్ చివరికి. "నాకు పీడ పోద్ది, నీకు పని జరుగుద్ది అనుకున్నా. అందులో తప్పేం కనపళ్ళేదు నాకు."

అంత నిజంగా చెప్పాక హారికకి కోపం నిలవలేదు, ఏడుపొచ్చింది. కాలవ దగ్గర జరిగినదాని తరువాత నెలరోజులు నిద్రపట్టక కూర్చుంటే రోజూ ఫోను చేసి మాట్లాడిన అన్న ఇతనే. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను విడిపించుకోలేదు గానీ గట్టిగా పట్టుకోనూ లేదు. టిప్పరు వెనక్కి తిప్పమని కోటేష్‌కి సైగ చేశాడు. అప్పటికి గానీ కోటిరత్నం గారు కుర్చీలోంచి లేవలేదు.

టిప్పరు పక్కకి జరగ్గానే వెనక రోడ్డు మీద ఎప్పటి నుంచో ఆగి ఉన్న చిప్స్ లారీ కనిపించింది. సోమవారం రావలసింది, క్రషర్ దగ్గర ఆలస్యమై ఇవాళ వచ్చింది. హారిక అత్తగారి వైపు భయంగా చూసింది. తన మట్టి పొయ్యాలని పొద్దుటి నుంచీ ఎండలో కూర్చున్న మనిషి, ఈ రాళ్ళని చూసి ఏమంటుందో అని.

"ఇవే పోసుకోండి" అంది కోటిరత్నం గారు.

"మట్టి వద్దా అత్తయ్యా?"

"నువ్వే గదా వద్దంది."

ఇంత తొందరగా ఒప్పుకోవడం ఆవిడ అలవాటు కాదు. పప్పులో ఉప్పు ఎక్కువైందని అంటేనే రెండు రోజులు వాదించే మనిషి. హారిక ఆశ్చర్యపోయింది, ఆపైన సంతోషపడింది, ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు.

"అయితే ఇవాళే మొదలెడదాం మేడం" అన్నాడు షానవాజ్. "బయట చిప్స్ ఎంత ఎత్తు పోస్తామో లోపల నీళ్ళు అంత ఎత్తు ఉండాలి. జానెడు చిప్స్, జానెడు నీళ్ళు, అట్టా కలిపి పైకి తేవాలి. ఒకటి ముందు, ఒకటి వెనకైతే గోడ ఒరిగిపోద్ది. బోరు మోటారు వెయ్యండి."

"నీళ్ళు ఇవాళ వదలకూడదు" అంది కోటిరత్నం గారు.

అందరూ అటు తిరిగారు.

"శుక్రవారం గంగపూజకి పంతులు గారు ముహూర్తం పెట్టారు. పూజ కాకుండా నీళ్ళు వదిలేది లేదు. అసలు ఈ వారం వద్దనుకుంటే వచ్చే వారం ఇంకోటి పెట్టిస్తా."

"అమ్మగారూ, సందు ఇట్టా ఖాళీగా ఉంచితే గుంట గోడ విరిగి పడుద్ది. ఇప్పటికే పెళ్ళలు రాలుతున్నాయి."

"రెండు రోజులకి ఏమీ కాదు."

"అత్తయ్యా" అంది హారిక. "గంగ ఎప్పుడొచ్చినా గంగే. ఇప్పుడే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ తెప్పిస్తా. మీ చేత్తోనే కర్పూరం వెలిగించండి. ఆ తరువాతే నీళ్ళు."

కోటిరత్నం గారు కోడలితో ఏదో చెప్పబోయింది. త్రినాథ్ దగ్గాడు. ఆవిడ నోరు మూసుకుంది.

పసుపూ కుంకుమా వచ్చాయి. కర్పూరం వెలిగించేటప్పుడు అగ్గిపుల్లలు రెండు ఆరిపోయాయి. మూడోది షానవాజ్ గాలికి అడ్డం నిలబడితే అంటుకుంది. కొబ్బరికాయ త్రినాథ్ కొట్టాడు. హారిక మోటారు వేసింది. పైపు కొసన నీళ్ళు దూకి నీలం తొట్టి అడుగున చప్పుడు చేస్తూ పడ్డాయి. హారిక కళ్ళు మూసుకుంది. ఆ చప్పుడు కోసం ఆమె ఏడాదిగా ఎదురుచూస్తోంది.

పిల్లలకి నేర్పే తొట్టి కాబట్టి అడుగంతా సమానం, లోతు ఎక్కడైనా ఒకటే. నీళ్ళు పడితే పళ్ళెంలో పోసినట్టు అంతటా ఒకేలా పరుచుకోవాలి. తట్టలతో చిప్స్ ఎత్తి సందులో పోయడం మొదలుపెట్టిన కూలీలు ఒకవైపు, నీళ్ళు ఒకవైపు. పని సాగుతోందని హారిక అనుకుంటుండగానే షానవాజ్ చెయ్యెత్తాడు.

"ఆపండి. చిప్స్ ఆపండి."

తొట్టి తూర్పు కొసన అడుగు పొడిగా మెరుస్తోంది. నీళ్ళన్నీ పడమటి కొసకి పోయి అక్కడ చీలమండ లోతు చేరాయి.

"సోమవారం దించినప్పుడు మట్టం నేను చూశాను మేడం" అన్నాడు షానవాజ్. "చుట్టూ చూశా. వెంట్రుకంత తేడా లేదు. మోటారు గది శ్లాబుకి తెచ్చి మిగిలిన చిప్స్ మట్టి మీద జానెడు మందాన పరిచామన్నారు. పైకి చిప్సే కనపడ్డాయి, వాటి మీద దించాం. చిప్స్ కుంగవు. కుంగడానికి అక్కడ ఏమీ లేదు."

"నిన్న బోరు పైపు పరీక్షిస్తే కారింది ఆ మూలేగా" అంది హారిక.

"కారితే కారింది. చిప్స్‌లో నీళ్ళు నిలవవు, జారిపోతాయి."

హారిక అతని మాట పూర్తయ్యే దాకా ఆగలేదు. పడమటి మూల సందు అంచున బోర్లా పడుకుని ఒక కూలీ చేతిలోని పొడుగు పార తీసుకుని తొట్టి కిందకి గుచ్చింది. పార పైకి తీస్తే కొసన నాలుగు చిప్స్, వాటి వెనకాల బూడిదరంగు ముద్ద. వేళ్ళతో నొక్కింది. వేళ్ళ సందుల్లోంచి జారింది. ఆ రంగు ఆమెకి తెలుసు. ఇందాక వెనక్కి వెళ్ళిన టిప్పరు నిండా అదే ఉంది. అన్న జుట్టు మీద ఇప్పుడు ఉన్నదీ అదే.

"ఇవాళ పంపింది రెండో టిప్పరా అన్నయ్యా?"

త్రినాథ్ నేల చూశాడు.

"నేనే పోయించాను" అంది కోటిరత్నం గారు.

హారిక లేచి కూర్చుంది. పార ఇంకా చేతిలోనే ఉంది.

"సోమవారం నువ్వు పదో తరగతి పరీక్షల డ్యూటీలో ఉన్నావు. ఈ షానవాజ్ క్రేనుని కరెంటు తీగలు తప్పించి తేవడానికి రోడ్డు మీదికి పోయాడు. చిప్స్ లారీ రాలేదు. తొమ్మిదిన్నర దాటితే రోజంతా మంచి ఘడియ లేదన్నారు పంతులు గారు. క్రేను వాడు ఆగనన్నాడు. మీ అన్న పంపిన మొదటి బండి అప్పుడే వచ్చి నిలబడింది. పోసెయ్యమన్నా."

"పైన చిప్స్?"

"శ్లాబుకి తెచ్చినవి కాసిని మిగిలాయి గదా. పైన పలచగా చల్లమని నేనే చెప్పా" అన్నాడు త్రినాథ్. "షానవాజ్ వస్తే ఒప్పుకోడని. ఏమీ కాదనుకున్నానే. మా మిల్లులో దాని మీద లారీలు తిరుగుతాయి."

"నిన్న ఆ పైపు కారాక చూశా అమ్మాయ్" అంది కోటిరత్నం గారు. "సందులోకి పుల్ల గుచ్చి చూశా. పుల్ల దిగిపోయింది. నీతో చెప్పడానికి నోరు రాలేదు. ఇంకో బండి మాత్రం పడనివ్వకూడదని కుర్చీ వేసుకున్నా. నీళ్ళు వదలనివ్వకపోతే ఏదో ఒకటి చెయ్యొచ్చు అనుకున్నా."

పొద్దుటి నుంచీ మట్టి కోసం పోరాడిందనుకున్న మనిషి అసలు దేనికి పోరాడిందో హారికకి ఇప్పుడు తెలిసింది. జాలి వేయలేదు. ఒళ్ళు మండింది.

"మంచి ఘడియ కోసం పిల్లల కాళ్ళ కింద పిండి పోశారా అత్తయ్యా. సగం నీళ్ళలో పిల్లలుండగా ఇది ఒరిగి పగిలితే? అప్పుడు కూడా నేనే దూకాలా? ఎంతమందిని తియ్యగలననుకున్నారు?"

"ఏ పిల్లకీ ఏమీ కాకూడదనే ఆ ఘడియ పెట్టించానే" అంది కోటిరత్నం గారు. "ఆ ఫర్హానా పేరు చెప్పి మరీ అడిగి పెట్టించా."

హారిక వెళ్ళి మోటారు కట్టేసింది.

షానవాజ్ గుంట చుట్టూ తిరిగి వచ్చాడు. "ఇంకా చెయ్యి దాటలేదు మేడం. లోపల నీళ్ళు తోడేద్దాం. క్రేను రేపు పొద్దునకి గానీ దొరకదు. వచ్చాక తొట్టి పైకి తీసి, ఆ పొడంతా ఎత్తి పోసి, చిప్స్ పరిచి మళ్ళీ దించుదాం. అప్పటిదాకా గుంటలోకి చుక్క నీరు పోకూడదు. నీళ్ళు ఉంచితే ఆ బరువుకి ఇంకా కుంగి పగులుద్ది. తోడేస్తే ఖాళీ తొట్టి. ఖాళీ తొట్టి చుట్టూ నీళ్ళు చేరితే పడవలా లేస్తది. లేచి ఒరిగిందంటే మళ్ళీ మనకి పనికిరాదు."

"చుక్క ఎక్కడి నుంచి వస్తది, మార్చి నెలలో" అన్నాడు త్రినాథ్.

అతను ఆ మాట అంటుండగానే చల్లగాలి తగిలింది. ఉత్తరాన, చిలకలూరిపేట వైపు, ఆకాశం నల్లబడి ఉంది. ఇంత గొడవలో పైకి చూసిన వాళ్ళు లేరు. చుట్టుపక్కల కల్లాల్లో అప్పటికే కేకలు మొదలయ్యాయి. అకాల వాన అంటే మిరప రైతుకి గుండెల్లో రాయి పడినట్టే. ఎండబెట్టిన కాయ ఒక్కసారి తడిసిందంటే రంగు పోతుంది, బూజు పడుతుంది, మిర్చి యార్డులో ఎవడూ చెయ్యి పెట్టి చూడడు.

కోటిరత్నం గారి కల్లం గుంటకి పక్కనే ఉంది. మొదటి కోత కాయ వేసుకుని కొడుకు చైతన్యకృష్ణ నిన్ననే గుంటూరు యార్డుకి వెళ్ళాడు. మిగిలిన పంటంతా ఇక్కడే ఎర్రగా పరిచి ఉంది. కూలీ ఆడవాళ్ళు అప్పటికే పరుగెత్తి పెద్ద టార్పాలిన్ పట్టాలు రెండూ విప్పి కాయ మీదకి లాగుతున్నారు. ఆ ఇంటికి ఉన్న పట్టాలు ఆ రెండే.

కోటిరత్నం గారు కల్లం చూసింది. గుంట చూసింది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుంది.

"పట్టాలు ఇటు తీసుకురండి" అని అరిచింది. "కాయ మీద వద్దు. గుంట మీద కప్పండి. ఒరేయ్, ఆ నల్లమట్టి చుట్టూ కట్టలా పొయ్యండి, బయటి నీళ్ళు లోపలికి దిగకుండా."

ఆడవాళ్ళు తెల్లబోయి నిలబడ్డారు. "కాయ తడిసిపోద్దమ్మా" అంది ఒకామె.

"చెప్పింది చెయ్యండి."

"అత్తయ్యా, ఏడాది పంట అది" అంది హారిక. కోపం పోలేదు. పోకపోయినా ఆ మాట అనకుండా ఉండలేకపోయింది.

"నాకు తెలియదా? నన్ను తరువాత తిడుదువుగానిలే. ముందు ఆ కొస పట్టుకో."

హారిక పట్టుకుంది. ఇంకో కొస త్రినాథ్ పట్టుకున్నాడు. షానవాజ్ తొట్టి అంచు మీద రాళ్ళు పేరుస్తున్నాడు. పట్టా గాలికి పైకి లేచి చేతుల్లోంచి లాక్కుపోతోంది. నలుగురూ దాని మీద పడి అదిమారు. రెండో పట్టా ఈడ్చుకొస్తుంటే కోటిరత్నం గారి నడుముకి దోపుకున్న ఫోను మోగింది. ఆవిడ మోకాలితో పట్టాని తొక్కిపట్టి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. అవతల కొడుకు ఆత్రంగా అరుస్తున్న మాటలు హారికకి కూడా వినిపిస్తున్నాయి.

"అమ్మా, ఇక్కడ దంచుతోంది. అటే వస్తోందంట. కల్లం మీద పట్టాలు కప్పించావా? ఇక్కడ మన లారీలో కాయ దించకముందే తడిసిపోయిందే. ఇంక మనకి ఉన్నది ఆ కాయే."

కోటిరత్నం గారు కల్లం వైపు తిరిగింది. ఆరుబయట ఎర్రగా పరిచి ఉన్న కాయ మీద చినుకులు పడుతున్నాయి. ఆవిడ కోడలి కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"కప్పించానురా."